కనిపించేవి ఐదు

అతని పేరు రాయను.
పేరు ఫైల్లో ఉంది, ఫైలు బీరువాలో ఉంది,
బీరువా తాళం నా సంచిలో, టిఫిను డబ్బా కింద.

పర్లాకిమిడి పెద్దాసుపత్రిలో
తెలుగులో ఏడిస్తే తెలుగులో వినే డాక్టర్ని
ఆ ఏడు నేనొక్కదాన్నే.
గురువారం గురువారం వచ్చేవాడు,
గేదె కొమ్ము అరగదీసి కొంగలు చెక్కే చేతులతో,
గోళ్ల సందుల్లో ఇంకా ఆ పొడితో.
కుర్చీ అంచున కూర్చుని,
"నాను నిద్దరోతే ఎవులో పేరెట్టి పిలస్తన్నారు మేడమ్" అనేవాడు.

భయమేస్తే ఏం చెయ్యాలో నేనే నేర్పాను.
కళ్లు తెరు. కనిపించేవి ఐదు, పైకి చెప్పు.
మొదటిసారి చెప్పాడు:
ఫ్యాను. బల్లి. సీసాలో నీళ్లు. కిటికీ.
మీరు.
ఐదోది విని నవ్వాను.
ఆ నవ్వుని ఎన్ని రాత్రులు వెనక్కి తిప్పి చూశానో.

తర్వాత స్కూటీ సీటు మీద ఒక కొంగ.
నల్లటిది, వేలెడంత, ఒంటికాలి మీద.
"బాగుందమ్మా, బజార్లో నాలుగొందలకి తక్కువుండదు" అన్నాడు
వార్డుబాయ్ డిల్లేసు.
రెండోది మా గేటు గడియలో.
మూడోది పిల్ల స్కూలు సంచి పక్కజేబులో.
నాలుగోది పెరటి కిటికీలో,
కుంకుడుకాయల డబ్బాకి ఆనించి,
లోపలి వైపు.

నేనుండేది పాతపట్నంలో.
ఆంధ్రా స్టేషన్లో అన్నారు: వాడు ఒడిశావాడు కదమ్మా.
ఒడిశా స్టేషన్లో పాణిగ్రాహి గారు, టీ తెప్పించి మరీ అన్నారు:
మీ ఇల్లు మా హద్దులో లేదు.
వంతెన మధ్యలో నిలబడితే ఎవరి హద్దు సార్?
ఆయన పెన్నుకి మూత పెట్టి
అంతవరకూ మాట్లాడిన ఒడియా ఆపి
తెలుగులో అడిగారు: "పిచ్చోడా?"

అక్కడ నా నోరు పడిపోయింది.
జబ్బు పేరు చెప్పకూడదు.
వాళ్లమ్మ ఎలా పోయిందో,
ఆ పూట వీడు ఏ ధాన్యం గాదె వెనక నక్కాడో,
అదంతా నాకు అప్పజెప్పిన మూట, విప్పకూడదు.
విప్పితే కేసు నిలబడుతుంది.
"కాదు" అన్నాను. "మనిషి."
ఆయన రాసుకున్నారు:
ఫిర్యాది స్పష్టంగా చెప్పడం లేదు.

మా సీనియరు నవ్వాడు. "డోసు పెంచు."
ఇంట్లో అన్నారు: "అంత మెత్తగా మాట్లాడితే ఇంతే మరి."
బరంపురం మెడికల్ కాలేజీకి చీటీ రాసిచ్చాను.
వెళ్లలేదు.
గురువారం జాబితాలోంచి కొట్టేస్తే మందులాగిపోతాయి,
మందులాగితే ఆ పిలుపు మళ్లీ మొదలు.
ఎర్ర సిరా పెన్ను తీసి, మళ్లీ పెట్టేశాను,
మూడు వారాలు వరసగా.

వేళలు మార్చుకున్నాను. దారి మార్చలేను,
నాకున్నది ఒకటే వంతెన.
కింద మహేంద్రతనయ, ఎండాకాలం కాబట్టి నీళ్లకంటే ఇసకే ఎక్కువ.
పిట్టగోడకి ఆనుకుని ఉంటాడు.
దగ్గరికి రాడు. చెయ్యెత్తడు.
పెదాలు మాత్రం కదులుతుంటాయి.
లారీల మోతలో ఏమీ వినబడదు,
అయినా తెలుస్తుంది:
స్కూటీ. ఎర్ర హెల్మెట్టు. సంచి. గాజులు.
నేను చెప్పిన పాఠమే, పొల్లు పోకుండా.
అతనికి తగ్గుతోంది. మొహంలో నిద్ర పట్టిన తేట.

నాకు చేతులు వణుకుతాయి.
కళ్లు తెరు హైమా, అంటాను హెల్మెట్టు లోపల.
లారీ లైటు. ఇసక మేట. తీగ మీద పిట్ట.
అవతల ఎవరో వంటకి పెట్టిన పొగ.
నాలుగు.
యాక్సిలరేటరు తిప్పుతాను.

ఈమధ్య గదిలో నా కుర్చీ తలుపు పక్కకి జరిపించుకున్నాను.
కొత్తగా చేరిన నర్సు కునిదేవి అడిగింది:
"ఈ వడగాలికి ఎదురుగా కూర్చుంటారేటి మేడమ్?"
ఇక్కడే బాగుందన్నాను.
డిల్లేసు ఏమీ అనలేదు.
తలుపు పూర్తిగా తెరిచి
కింద ఒక ఇటుకముక్క పెట్టి వెళ్లాడు.